ఐదు రోజుల యుద్ధం, మూడేళ్ళ యుద్ధం

ఒక పెద్ద రాజ్యం తనది కాని దేశంలో జరిగే అంతర్యుద్ధంలోకి సైన్యాన్ని ఎందుకు పంపుతుంది? ఈ ప్రశ్నకు అశోక్‌నగర్‌లో జవాబులు కిలోల లెక్కన దొరుకుతాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం జిరాక్సు దుకాణాల్లో అమ్మే నోట్సులు ఏవి తిరగేసినా అవే శీర్షికలు: జాతీయ ప్రయోజనం, శక్తుల సమతూకం, సరిహద్దు భద్రత, శరణార్థుల సమస్య, మానవతా దృష్టి. ఒక్కొక్క దాని కింద రెండేసి ఉదాహరణలు. 2015లో సిరియాలో రష్యా, అదే ఏడు యెమెన్‌లో సౌదీ అరేబియా, వెనక్కి వెళితే 1936 తర్వాతి స్పెయిన్‌లో హిట్లరూ ముసోలినీ. ఇవేవీ అబద్ధాలు కావు. కాని ఈ జాబితా అంతా కంఠస్థం చేసినవాడికి కూడా ఒక సంగతి బోధపడదు. ఈ కారణాలన్నీ ఏళ్ళ తరబడి ఉంటూనే ఉంటాయి గదా, సైన్యం ఫలానా రోజునే ఎందుకు కదిలింది? కదిలిన సైన్యం వచ్చిన పని అయిపోయాక కూడా ఎందుకు కదలకుండా కూచుంది?

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. చిక్కడపల్లిలో కాపురం. నగర కేంద్ర గ్రంథాలయానికి రోజూ పొద్దున్నే వెళ్ళటం అలవాటు. అక్కడ చెట్ల కింద కూడా కుర్చీలు వేసుకుని చదివే పిల్లలు నన్ను ఎరుగుదురు కనక, ఏ అనుమానం వచ్చినా "సార్" అంటూ వస్తారు. వాళ్ళ చేతుల్లోని ఉదాహరణల పట్టికలో స్పెయిన్ ఉంది, సిరియా ఉంది, హైదరాబాదు లేదు. హైదరాబాదు వేరే కట్టలో, "సంస్థానాల విలీనం" అన్న అధ్యాయంలో ఉంటుంది. అది వేరే పేపరు. ఆ పేపరుకీ ఈ పేపరుకీ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పరు.

ఉందని నేనంటాను. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి అడుగుపెట్టింది. ప్రధాన దళం షోలాపూరు వైపునుంచి, మరో దళం బెజవాడ వైపునుంచి వచ్చాయి. 17న నిజాం ఆయుధాలు దించుతున్నట్టు ప్రకటించాడు. 18న ఆయన సేనాపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురీకి లొంగిపోయాడు. ఇంత చేసినా దాన్ని మనం యుద్ధం అనం, పరాయి దేశం మీద అనం, ఆ దేశంలో అప్పటికే అంతర్యుద్ధం నడుస్తోందని అసలే అనం. ఈ మూడు మాటలకూ బదులు ఒక్క మాట పెట్టుకున్నాం: పోలీసు చర్య.

ఈ మాట మనవాళ్ళ సొంత సృష్టి అనుకునేవాళ్ళు చాలామంది. ఇండోనీషియా స్వతంత్రం ప్రకటించుకున్న తర్వాత, దాన్ని మళ్ళీ కాళ్ళకింద పెట్టుకోవటానికి డచ్చివాళ్ళు 1947 జులైలో ఒకసారి, 1948 డిసెంబరులో మరోసారి సైన్యాన్ని దించారు. రెండుసార్లూ దానికి పెట్టిన పేరు పోలీసు చర్య. మొదటిసారి ఆ గొడవను భద్రతా సమితి ముందుకు తీసుకువెళ్ళిన దేశాల్లో ఆస్ట్రేలియాతో పాటు మనదీ ఒకటి. రెండోసారి జరిగినప్పుడు 1949 జనవరిలో నెహ్రూగారు ఢిల్లీలో అనేక దేశాల సమావేశం పెట్టి డచ్చివాళ్ళను దుయ్యబట్టారు. అప్పటికి హైదరాబాదులో మన సైనిక గవర్నరు పాలన నాలుగు నెలలుగా సాగుతోంది. 1950లో కొరియాకు సైన్యాన్ని పంపిన ట్రూమన్ కూడా అది పోలీసు చర్యేనా అని పత్రికలవాళ్ళు అడిగితే ఔనన్నాడు. డచ్చివాళ్ళు చేసిందీ మనవాళ్ళు చేసిందీ ఒకటే అనటం నా ఉద్దేశం కాదు. ఒకటి కాదు కూడా. అయితే ఆ పేరు ఎక్కడ పెట్టినా అది చేసే పని ఒకటే. యుద్ధంలో అవతలి పక్షం ఒకటుంటుంది, దానికి వాదం ఉంటుంది. పోలీసుకు ఎదురయ్యేవాడు దొంగే, వాడి వాదం ఎవరూ వినక్కరలేదు.

పరాయి దేశమా, మన ఇల్లా అన్న తగవు కూడా సామాన్యంగా తెగలేదు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి తంతి ఇచ్చి ఫిర్యాదు చేసింది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదు గనక ఇది మా ఇంటి సంగతి అని మన ప్రభుత్వం వాదించింది. పారిస్‌లో భద్రతా సమితి దాన్ని చర్చకు తీసుకునేసరికి సెప్టెంబరు 16. మర్నాడు నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నానని తనే రాశాడు. వాదం తేలకముందే కక్షిదారు మారిపోయాడు. నా మట్టుకు నాకు ఈ రాజ్యం పరాయిది కాదు. కోటీ అరవై లక్షల జనం. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్ళు. కృష్ణకు ఈవల పుట్టినింటివాళ్ళు, ఆవల మెట్టినింటివాళ్ళు. కాని ఈ వాదం మీద ఎక్కువ బరువు పెట్టగూడదు. సైన్యం నడిపించేవాడు ఎప్పుడూ అది పరాయి ఇల్లు కాదనే అంటాడు. అందుచేత ఎవరి ఇల్లు అన్నది పక్కన పెట్టి, లోపలికి వచ్చి ఏం చేశారన్నది చూడటం మంచిది.

ఫిర్యాదు తంతి వెళ్ళిన ఆ 21వ తేదీ రాత్రే, మా ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, లింగంపల్లి చౌరస్తా దగ్గర, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు నరికి చంపారు. తను ముస్లిమై ఉండి, రాజ్యం యూనియన్‌లో కలవాలని ఉర్దూలో రాయటం ఆయన చేసిన నేరం. ఒక ప్రభుత్వం సమితి ముందు న్యాయం అడుగుతూ, అదే రాత్రి తన వీధుల్లో కలం పట్టిన చేతిని నరకనిచ్చింది. ఆ ప్రభుత్వం మీద నాకు ఇసుమంత జాలి లేదు.

మా అమ్మ నారాయణగూడలో పెరిగింది. 1948 నాటికి పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలల గురించి ఆమె చెప్పినవన్నీ తలుపు గడియల గురించే. పొద్దుగూకకముందే గడియ పెట్టటం, అడుగుల చప్పుడు వింటే దీపం తగ్గించటం, ఆడపిల్లల్ని బెజవాడ వైపు పంపాలా వద్దా అని పెద్దవాళ్ళు గుసగుసలాడటం. 17 సాయంత్రం రేడియో ఉన్న ఒక ఇంటి ముందు సందు సందంతా గుమిగూడి నిజాం మాటలు విన్నదట. మర్నాడు మా అమ్మమ్మ పాయసం వండింది. ఎన్ని పుస్తకాలు చదివి ఎన్ని తర్కాలు చేసినా ఆ పాయసాన్ని నేను కాదనలేను. "ఆ రోజు మిలిటరీ రాకపోతే నువ్వుండేవాడివా?" అని మా అమ్మ చివరిదాకా అడిగేది. ఆ ప్రశ్న నిజమైన ప్రశ్న. అభ్యుదయవాదులమనుకునేవాళ్ళం కొందరం దాన్ని విననట్టు నటించటం నేనెరుగుదును.

అయితే నారాయణగూడ రాజ్యమంతా కాదు. మా నాయన ఊరు నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట తాలూకాలో. అక్కడ యుద్ధం 1948 సెప్టెంబరులో మొదలుకాలేదు.

రాజ్యంలో భూమి ఎవరిదన్నది తెలియకుండా ఈ కథ అర్థం కాదు. సుందరయ్యగారు లెక్కగట్టినదాన్నిబట్టి మొత్తం భూమిలో నూటికి పది వంతులు నిజాం సొంత ఖర్చుల కింద సర్ఫెఖాస్. ముప్ఫై వంతులు జాగీర్లు. మిగిలిన అరవై దివానీ భూమి. ఆ దివానీ భూమి మీదకూడా దేశముఖులు లెక్కలు రాసే అధికారాన్ని అడ్డం పెట్టుకుని తమ పేర్లు ఎక్కించుకున్నారు. విసునూరు దేశముఖుకు 40 వేల ఎకరాలు. ఆ దేశముఖు మనుషుల కాల్పుల్లోనే 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. ఏడాది తిరిగేసరికి నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం ప్రాంతాల్లో దాదాపు 3 వేల గ్రామాల్లో సంఘం రాజ్యం నడిచింది, 10 లక్షల ఎకరాలు పంచారు. ఇవీ సుందరయ్యగారి అంకెలే. గమ్మత్తేమిటంటే ఆ పంపకం మొదట్లో ఏమంత ఘోరమైంది కాదు: దొరకు 500 ఎకరాలు ఉంచి పైది పంచారు, తర్వాత హద్దు 200కు దించారు. ఇప్పటి భూపరిమితి చట్టాలతో పోలిస్తే ఆ "హింసావాదులు" ఎంత ఉదారులో లెక్క వేసుకోవచ్చు.

గడీలోని దొర పట్నానికి పారిపోయాడు. వెట్టి ఆగింది. మా తాతకు మూడెకరాల చెలక వచ్చింది. పోగొట్టుకున్నవాడు, పొందినవాడు, ఇద్దరి చేతుల్లోనూ తుపాకులున్నాయి. ఊళ్ళలో రెండు అధికారాలు నడుస్తున్నాయి. ఒకవైపు నిజాం పోలీసు, రజాకార్లు, దేశముఖులు, ఇంకోవైపు గ్రామ రాజ్య కమిటీలు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం సైన్యమూ కలిసి ఊరిని కాల్చి మనుషుల్ని వరసగా నిలబెట్టి చంపారు. దీన్ని అంతర్యుద్ధం అనకపోతే ఆ మాటకు నిఘంటువులో చోటు అనవసరం.

ఇప్పుడు ఢిల్లీ వైపు చూద్దాం. 1947 నవంబరు 29న ఢిల్లీ నిజాంతో ఏడాది పాటు యథాతథ ఒడంబడిక చేసుకుంది. అంటే ఆ ఏడాది ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నమాట. వెట్టి ఉంది, దేశముఖులు ఉన్నారు, రజాకార్లు ఊరేగుతున్నారు. ఒడంబడిక ప్రకారం సికింద్రాబాదు దండులో ఉన్న యూనియన్ సైన్యాన్ని కూడా వెనక్కి తీసుకున్నారు. 1948 జూన్‌లో, మౌంట్‌బాటన్ వెళ్ళిపోయేముందు, మరో ముసాయిదా తయారైంది. రక్షణ, విదేశాంగం, రాకపోకలు యూనియన్ మాట ప్రకారం నడిపితే చాలు. నిజాం తన గద్దె మీద, తన సైన్యంతో ఉండవచ్చు. సర్దార్ పటేల్ అంతటివాడు ఇష్టం లేకపోయినా దానిమీద సంతకం పెట్టాడు. తోసిపుచ్చింది నిజామే. ఒకవేళ ఆ మూర్ఖుడు ఆ రోజు ఒప్పుకొని ఉంటే? రజాకార్లు చంపిన మనుషులు అప్పటికే వేలమీద ఉన్నారు. ఆ శవాలు ఒప్పందానికి అడ్డం రాలేదు. కనక జనం బాధలే సైన్యాన్ని కదిలించాయన్న మాట నిలవదు.

మరేం కదిలించింది? నోట్సులోని కారణాలు ఇక్కడ కొంత పనికొస్తాయి. రాజ్యం దక్షిణాపథం నడుమ ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే రైళ్ళు దాని గుండా పోవాలి. నిజాం పాకిస్తానుకు 20 కోట్ల రూపాయలు అప్పిచ్చాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు కరాచీనుంచి రాత్రిళ్ళు విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. జిన్నా సెప్టెంబరు 11న చనిపోవటంతో కరాచీ ఆ వారం తన దుఃఖంలో తానుంది. ఇవన్నీ కలిపితే ఎప్పుడో ఒకప్పుడు యూనియన్ సైన్యం వచ్చి తీరేది. కమ్యూనిస్టులు లేకపోయినా వచ్చేది. నేను దీన్ని దాచను. మనవాళ్ళలో కొందరు మొత్తం పోలీసు చర్యంతా తెలంగాణ రైతు కోసమే తయారైందన్నట్టు రాస్తారు. అది మన ప్రాముఖ్యాన్ని మనం పెంచుకోవటమే.

కాని ఒక భయం ఈ కారణాలన్నిటినీ ఒక్క తాటిమీదికి తెచ్చింది. 1948 వేసవికి నిజాం గెలవలేడని ఢిల్లీకి తేటతెల్లమైంది. రజాకార్లు రాజ్యాన్ని నిలబెట్టలేరు, కూలగొట్టనూలేరు. ఆ ఖాళీలో స్టేట్ కాంగ్రెసుకు సరిహద్దు శిబిరాలే తప్ప ఊళ్ళ లోపల బలం తక్కువ. బలం ఉన్నది సంఘానికి. ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే నిజాం పడిపోతాడు. కాని పడేది ఎవరి చేతుల్లో? పెద్ద రాజ్యం పక్కింటి మంట చూస్తూ ఎంతకాలమైనా కూచోగలదు. ఎటూ తెగని యుద్ధం చాలాసార్లు దానికి నష్టం కూడా కాదు. అది లేచి నుంచునేది, తాను లేకపోతే తనకు గిట్టనివాడు గెలుస్తాడని తెలిసినప్పుడే.

దీనికి ఆ రోజుల్లోనే దగ్గరి పోలిక గ్రీసులో ఉంది. 1944 అక్టోబరులో జర్మన్లు ఏథెన్సు వదిలిపోయారు, బ్రిటిషు సైన్యం దిగింది. జర్మన్లతో కొండల్లో ఏళ్ళ తరబడి పోరాడింది ఈలాస్ అనే గెరిల్లా సైన్యం. దాని వెనక కమ్యూనిస్టులు. డిసెంబరు వచ్చేసరికి బ్రిటిషు ఫిరంగులు ఏథెన్సు వీధుల్లో పేలాయి. పేలింది జర్మన్ల మీద కాదు, ఈలాస్ మీద. జర్మన్లకు తోడ్పడిన గ్రీకు దళాల మనుషులు కొందరు ఈసారి బ్రిటిషువాళ్ళ పక్కన నిలబడి తుపాకి పట్టారు. 1947లో ఆ బరువు అమెరికా నెత్తికెత్తుకుంది. దానికే ట్రూమన్ సిద్ధాంతమని పేరు.

ఈ పోలిక మనసులో పెట్టుకుని మా నాయన ఊరికి తిరిగి రండి. నిజాం సైన్యంతో యూనియన్ సైన్యం పోరాడింది ఐదు రోజులు. ఆ తర్వాత తెలంగాణ రైతుతో పోరాటం 1951 అక్టోబరు 21న పార్టీ విరమించేదాకా మూడేళ్ళకు పైగా సాగింది. సుందరయ్యగారి లెక్క ప్రకారం సైన్యం, పోలీసు అన్నీ కలిపి 50 వేల మంది ఈ పనిలో ఉన్నారు. చనిపోయిన కమ్యూనిస్టులు, రైతులు 4 వేలు. జైళ్ళలోనూ నిర్బంధ శిబిరాల్లోనూ మగ్గినవాళ్ళు 10 వేలకు పైమాటే. కోయ, చెంచు గూడేలను ఖాళీ చేయించి మనుషుల్ని శిబిరాల్లోకి తోలారు. అప్పట్లో మలయాలో బ్రిటిషువాళ్ళు చేస్తున్నదీ అదే.

మిలిటరీ లారీలు మా తాత ఊళ్ళోకి వచ్చిన నాలుగో రోజున దొర వచ్చాడు. వెళ్ళినప్పుడు రూమీ టోపీతో వెళ్ళినవాడు వచ్చేటప్పుడు ఖద్దరు టోపీతో వచ్చాడని మా నాయనమ్మ చెప్పేది. ఆమె ఈ మాట నవ్వుతూ చెప్పేది; ఏ విశ్లేషణా ఆమె మాటంత సూటిగా వర్గస్వభావాన్ని చెప్పలేదు. మూడెకరాల చెలకలో అప్పటికి జొన్న కంకి వేసింది. ఆ కంకి దొర కల్లానికి పోయింది. మా నాయనకు అప్పటికి పదిహేడేళ్ళు. మర్నాడు రాత్రే కాలినడకన ఊరొదిలాడు. నగరంలో అచ్చాఫీసులో కంపోజిటర్ పనికి కుదిరి, ఆ తర్వాత నారాయణగూడ అమ్మాయిని చేసుకున్నాడు. కనక మా ఇంట్లో సెప్టెంబరు 17 అంటే అమ్మ ఒక ముఖం పెట్టేది, నాయన ఇంకో ముఖం. అన్నం మాత్రం ఒకే పొయ్యి మీద ఉడికేది.

నిజాం సంగతి చూడండి. ఎవరి మీదికైతే సైన్యం వచ్చిందో ఆ మనిషి నారాయణగూడ పక్కనే కింగ్‌కోఠీలో ఎప్పటిలా నిద్రపోయాడు. సైనిక గవర్నరుకు అధికారం దఖలు పడింది కూడా ఆయన ఫర్మానాతోనే. 1950 జనవరి 26న ఆయన రాజప్రముఖుడయ్యాడు. 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. ఏటా 50 లక్షల రాజభరణం. 1967లో ఆ కోఠీలోనే కన్నుమూశాడు. లొంగిపోయిన వారంలో ఆయన ప్రభుత్వం తరఫున లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేర పది లక్షల పౌండ్లు మళ్ళాయి. ఆ డబ్బు ఎవరిదన్న తగవు 2019లో, వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయ్యాక, లండన్ కోర్టులో భారతదేశానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తేలింది. ఇద్దరూ ఒక పక్షాన నిలబడ్డారు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

జాగీర్లను 1949లో రద్దు చేశారు, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చారు. వీటిని నేను చిన్నచూపు చూడను. అయితే సంఘం లేకపోతే ఆ చట్టాలు అంత తొందరగా వచ్చేవి కావు. 1951 ఏప్రిల్‌లో వినోబాజీ భూదానానికి పోచంపల్లి దగ్గరే మొదలుపెట్టటం కూడా యాదృచ్ఛికం కాదు.

మా సందులో ఒక చాచా ఉండేవారు, ఉర్దూ పంతులుగా పనిచేసి విరమించినాయన. వాళ్ళది బీదరు జిల్లా. 1948 శీతాకాలంలో తల్లి వెంట పట్నానికి వచ్చారు, తండ్రి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 1948 చివర్లో ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను విచారణకు పంపింది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలని వాళ్ళ అంచనా. చనిపోయినవాళ్ళు ప్రధానంగా ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఘోరం. కొన్ని చోట్ల సైనికులు జనాన్ని కాపాడారనీ, కొన్ని చోట్ల లూటీలోనూ చంపటంలోనూ పాల్గొన్నారనీ రెండూ రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు అచ్చు వెయ్యలేదు. రజాకారు చేసినదానికి బీదరు రైతో, నేతపనివాడో, ఉర్దూ చదివే పిల్లవాడో జవాబు చెప్పవలసి వచ్చింది. కాసిం రజ్వీ జైలునుంచి విడుదలై 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఈ అధ్యాయం మన సాహిత్యంలోనూ పలచగానే ఉంది. తెలంగాణ పోరాటం మీద ఇన్ని నవలలు, ఇన్ని కథలు రాసుకున్నాం; చాచా తల్లి నడిచివచ్చిన దారి మీద ఎన్ని రాశాం?

ఈ సంగతులు చెపుతుంటే మొన్న వేసవిలో లైబ్రరీలో ఒక అమ్మాయి అడ్డం వచ్చింది. పాలమూరు పిల్ల, గ్రూప్ వన్‌కు చదువుతోంది. "సార్, పెద్ద రాజ్యమంటే మీకు ఎప్పుడూ ఢిల్లీ, లండను, వాషింగ్టనేనా? మాస్కో లేదా?" అంది. న్యాయమైన మాటే. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగి మొట్టమొదట చంపింది ఎవర్ని? తమను పిలుస్తూ వచ్చిన పార్టీ నాయకుడు హఫీజుల్లా అమీన్‌నే. అక్కడా భయం అదే: ఇతని చేతుల్లో వదిలేస్తే రాజ్యం ఎవరిదవుతుంది? తొమ్మిదేళ్ళు దాటాక, 1989 ఫిబ్రవరిలో, ఆఖరి సోవియట్ సైనికుడు వెనక్కి వెళ్ళాడు. జెండా ఎర్రగా ఉన్నంతమాత్రాన ఈ సూత్రం మారలేదు.

ఆ పిల్ల అంతటితో వదల్లేదు. "మరి 1971? మూడు నెలల్లో వెనక్కి వచ్చేశారు గదా." వచ్చేశారు. 1972 మార్చికి మన సైన్యం బంగ్లాదేశ్ వదిలింది. దాదాపు కోటి మంది శరణార్థులు ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. జోక్యాలన్నీ ఒకే అచ్చులో పోసినవని అనేవాణ్ణి ఆ సంవత్సరం నోరు మూయిస్తుంది. అయినా అక్కడ కూడా ఢిల్లీ ముక్తివాహినికి తోడు ముజీబ్‌వాహినిని వేరుగా తయారుచేసింది. పోరాటం సాగినకొద్దీ వామపక్షాల చేతికి పోతుందేమోనన్న శంక దానికి ఒక కారణమని ఆ యుద్ధం గురించి రాసినవాళ్ళు చాలామంది రాశారు. తనకు కావలసినవాళ్ళు అప్పటికే గెలిచి ఉన్నారు గనక సైన్యం ఉండవలసిన పని లేకపోయింది. సింహళంలో 1987లో అలా జరగలేదు. శాంతి పేరుతో దిగిన సైన్యం మూడు నెలలు తిరక్కముందే, ఒకప్పుడు తాము శిక్షణ ఇచ్చిన పులులతోనే యుద్ధంలో పడింది. 1990 మార్చిలో తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు చనిపోయి ఉన్నారు.

మన పక్షంలోనే 1948 సెప్టెంబరు తర్వాత పెద్ద చీలిక వచ్చిన మాట పాఠకులకు తెలుసు. నిజాం పోయాక జనం మనసు మారింది, ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వాదించారు. దించితే భూమి పోతుంది, దొర తిరిగి వస్తాడని సుందరయ్య, ఆయనతో ఉన్నవాళ్ళు వాదించారు. ఇద్దరు చెప్పినదీ జరిగింది. నగరంలో, మైదానాల్లో జనం అలసిపోయారు. ఊళ్ళలో దొర తిరిగి వచ్చాడు. ఈ చర్చను సిద్ధాంతగ్రంథాల్లో చదివినప్పుడు నాకు సుందరయ్యగారి వాదం బలంగా కనిపిస్తుంది. మా అమ్మ చెప్పిన గడియల సంగతులు తలుచుకున్నప్పుడు రావి నారాయణరెడ్డిగారి వాదం వినిపిస్తుంది. ఆయన నగరాన్ని చూసినట్టు రెండోవాళ్ళు చూడలేదనీ, వాళ్ళు భూమిని చూసినట్టు ఆయన చూడలేదనీ నా అభిప్రాయం.

ఈ మధ్య సెప్టెంబరు 17ను ఏమని పిలవాలన్నది ప్రభుత్వాల పనైపోయింది. 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. అశోక్‌నగర్ దుకాణంవాడు నోట్సులో ఆ పేజీ ఒక్కటే మార్చి మళ్ళీ అచ్చు వేస్తున్నాడు. 1951 అక్టోబరు 21కి మాత్రం ఏ ప్రభుత్వమూ పేరు వెతకలేదు.

1952 ఎన్నికల్లో మా తాత నల్లగొండలో మొదటిసారి ఓటు వేశాడు. పార్టీ పేరు మీద నిషేధం ఉంది గనక రావి నారాయణరెడ్డి ప్రజాతంత్ర కూటమి పేర నిలబడ్డారు. దేశంలో నెహ్రూగారికంటే ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డాయి. ఆ ఓట్లలో ఒకటి తనదని మా తాత చనిపోయేదాకా చెప్పుకున్నాడు. చెలక మాత్రం 1952లోనూ దొర పేరే ఉంది. కౌలుదారీ చట్టం కింద తాలూకా కచేరీకి తిరిగి తిరిగి, పదకొండేళ్ళ తర్వాత, మూడెకరాల్లో ఎకరంన్నర తన పేర రాయించుకున్నాడు. మిగతా ఎకరంన్నరలో దొర మామిడితోట వేశాడు.